బడి గంటకు అందే బస్సు: నా అనుభవం

హైదరాబాద్ కాచిగూడలో ఒక డీటీపీ షాపులో పనిచేస్తాను. పద్నాలుగేళ్లుగా నా పని జనం అర్జీలు టైపు చేయడం. పెన్షన్ ఆగిపోయిందని, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదని, పక్కింటాయన గోడ జరిపాడని. ‘గౌరవనీయులైన కలెక్టర్ గారికి’ అన్న మాట కళ్లు మూసుకుని కొట్టగలను. అలాంటివాణ్ణి, నా సొంత అర్జీ రాసుకోవాల్సిన రోజు మొదటి వాక్యం దగ్గరే అరగంట కూర్చున్నాను.

నాకు కావాల్సింది బస్సు. పిల్లలు బడికి పోయే బస్సు.

2023లో ప్రభుత్వం పేదలకిచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల డ్రాలో మా పేరొచ్చింది. అప్పటిదాకా అంబర్‌పేటలో ఒక గది, దానికి అతికించినట్టు వంటిల్లు. కొత్త ఇల్లు ఘట్‌కేసర్ వైపు, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో. 2024 ఏప్రిల్లో పిల్లల పరీక్షలయ్యాక సామాను ఎత్తాం. లిఫ్టు ఉంది, కిటికీ తీస్తే గాలి వస్తుంది. మా ఆవిడ మొదటి వారమంతా రోజుకు రెండుసార్లు ఇల్లు తుడిచింది. ఆ సంబరంలో బడి సంగతి జూన్ దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

జూన్ 12న బడులు తెరిచారు. పెద్దమ్మాయి పదో తరగతి, చిన్నోడు ఎనిమిది. ఇద్దరూ అంబర్‌పేటలోని ప్రభుత్వ హైస్కూల్లోనే చదువుతున్నారు. కాలనీలో బడి ఉంది కానీ ఐదో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే పక్క ఊరికి పోవాలి, ఐదు కిలోమీటర్లు. ‘అక్కడే చేర్పించొచ్చు కదా’ అని అడగనివాళ్లు లేరు. నేనూ వెళ్లి చూసొచ్చాను. బడి బాగుంది, గ్రౌండు మా పాత బడికన్నా పెద్దది. కానీ ఆ ఐదు కిలోమీటర్లకూ బస్సు లేదు. మధ్యలో రెండు కిలోమీటర్లు ఇళ్లే లేవు. వెంచర్ల హద్దురాళ్లు, కుక్కలు. షేర్ ఆటో మనిషికి ఇరవై, ఇద్దరికి రానూపోనూ ఎనభై. అదీ ఆటో నిండితేనే కదులుతుంది. ఇరవై కిలోమీటర్ల అవతలున్న అంబర్‌పేటకు మాత్రం ఉప్పల్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి రామంతాపూర్ మీదుగా బోలెడు. దూరం బడే మాకు దగ్గరైంది. ఈ ముక్క ఏ ఆఫీసులో చెప్పినా ముఖం అదోలా పెట్టారు.

ఇక టైము. సిటీలో ప్రభుత్వ బడి గంట పొద్దున 8:45కి కొడతారు. మా కాలనీ నుంచి ఉప్పల్‌కు పొద్దుటి బస్సు 6:25కి, తర్వాతది 8:05కి. మొదటిది ఎక్కితే 7:40కల్లా బడి ముందుంటారు, గేటు తెరిచేది ఎనిమిదిన్నరకి. రెండోది ఎక్కితే నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఏళ్లుగా కడుతున్న ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన పాకుతూ చేరేసరికి తొమ్మిది దాటుతుంది. కాబట్టి 6:25 బస్సే. అంటే చిన్నోడు ఐదింటికి లేవాలి. బూట్ల లేసులు బస్సులోనే కట్టుకునేవాడు. ఒక కాలు ముందు సీటు కడ్డీకి తన్నిపెట్టి, బ్యాగు మెడలో వేలాడుతుండగా. బడి ఎదురుగా ఇడ్లీ బండి పెట్టే ఆంటీ ఒక స్టూలు ఇచ్చేది. దాని మీద కూర్చుని నిద్రపోయేవాడట. ఒక నెల తర్వాత లెక్కల సార్ నాకు ఫోన్ చేశారు: “పిల్లగాడు రెండో పీరియడ్‌లో రోజూ పడుకుంటున్నడు. ఇంట్ల ఏమన్న గొడవనా?”

గొడవ లేదు సార్, బస్సు అన్నాను.

మొదట పాస్ సంగతి. అమ్మాయికి ఖర్చే లేదు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలైంది కదా, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. చిన్నోడికి పదమూడు నిండాయి. మగపిల్లలకు ఉచిత పాస్ పన్నెండేళ్ల వరకే. “అక్కకు ఫ్రీ అయితే నాకెందుకు కాదు?” అని వాడు అలిగాడు. “మీసాలొస్తున్నయి కదరా, అందుకే” అంది వాళ్లక్క.

స్టూడెంట్ పాస్‌కు ఆన్‌లైన్లో ఫారం నింపాలి, బడివాళ్లు తమ లాగిన్‌లోంచి సరే అనాలి, తర్వాత కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి. వినడానికి ఇంతే. బడి దగ్గర తొమ్మిది రోజులు ఆగింది, ఆ లాగిన్ చూసే సార్ ట్రైనింగ్‌లో ఉన్నారు. తీరా కౌంటర్‌కు పోతే అక్కడాయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, “ఇల్లు అంబర్‌పేట, బడి అంబర్‌పేట. నడిచి పోవచ్చు గద, పాసెందుకు?” అన్నాడు. తప్పు ఆయనది కాదు, నాది. ఆధార్‌లో పాత అడ్రస్సే ఉంది. రోజూ పదిమందికి అడ్రస్ మార్పు ఫారాలు నింపిచ్చేవాణ్ణి, నాది మార్చుకోలేదు. ఇంటి కేటాయింపు కాగితం పెట్టి ఆధార్ మార్పించి, మళ్లీ మొదటినుంచీ చేస్తే పాస్ చేతికొచ్చేసరికి ఆగస్టు. అప్పటిదాకా టికెట్టు కొన్నాం.

పాస్‌తో డబ్బు బాధ తగ్గింది, టైము బాధ అలాగే ఉంది. ఇక్కడ నాకు షాపు అలవాటు పనికొచ్చింది. జీవోలు, చట్టాలు జిరాక్స్‌కు వస్తుంటాయి, ఖాళీగా ఉన్నప్పుడు చదువుతుంటాను. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద ఉమ్మడి రాష్ట్రంలో 2011 మార్చిలో నిబంధనలిచ్చారు. ఐదో తరగతి వరకు బడి కిలోమీటరులోపు ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లలోపు. లేనిచోట ఉచిత రవాణా లాంటి ఏర్పాటేదో ప్రభుత్వం చేయాలి. ఆ ఏర్పాటు సమగ్ర శిక్ష పథకంలో రవాణా భత్యంగా ఉంది, పిల్లవాడికి ఏడాదికి 6,000 వరకు. పది నెలల బడి అనుకుంటే నెలకు ఆరొందలు. మొదట్లో ఎనిమిదో తరగతి దాకానే ఉండేది, 2021లో హైస్కూలు పిల్లలకూ పెంచారు. అంటే మా ఇద్దరూ వస్తారు. ఇది చదివిన రాత్రి మా ఆవిడకు గొప్పగా చెప్పాను. “కాగితం మీద మనకు అన్నీ వస్తయి” అంది, చపాతీలు ఒత్తుతూ.

మండల విద్యా ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సీఆర్పీ, అంటే కొన్ని బడుల పని కలిపి చూసే ఆయన, మంచివాడే, కూర్చోబెట్టి చెప్పాడు. ఈ భత్యం అడిగితే ఇచ్చేది కాదు. బడి లేని ఆవాసాలను ముందే గుర్తిస్తారు, అక్కడి పిల్లల పేర్లు లెక్కలోకి ఎక్కిస్తారు, ఆ ఏడాది ప్రణాళికలో మంజూరు రావాలి. మా కాలనీలోకి జనం వచ్చిందే మొన్న. ఆ జాబితా తయారైనప్పుడు అక్కడ ఖాళీ బిల్డింగులే ఉన్నాయి. పోనీ వచ్చే ఏడాదికి రాయండి అన్నాను. అప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఇల్లు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, బడి హైదరాబాద్ జిల్లా. పిల్లవాడి వివరాలన్నీ బడి ఎక్కడుంటే అక్కడి లెక్కలో ఉంటాయి. “మీరు మా ఊరోళ్లు, మీ పిల్లలు మా పిల్లలు కాదు” అన్నాడు నవ్వుతూ. పైగా భత్యం దగ్గరి బడికి పోయేవాళ్లకు. దగ్గరి బడి ఉండగా దూరం బడికి పోతామంటే అది మన ఇష్టం కింద పడుతుంది.

బస్సు లేని ఐదు కిలోమీటర్లు దగ్గర ఎట్లయితది అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. మ్యాపులో గీత గీస్తే అదే దగ్గర.

ఆ సాయంత్రం మా కాలనీలోనే ఉండే ఒక టీచర్ గారితో వాదన పడింది. ఆయన జిల్లాలో ప్రభుత్వ బడిలో పనిచేస్తారు. ప్రభుత్వ బడులకు బస్సులెందుకు అన్నది ఆయన పక్షం. “బడి ఉండాల్సింది పిల్లల దగ్గర. బస్సులు పెడితే చిన్న బడులన్నీ మూసి ఒకచోటికి తోలేస్తరు, రాసిపెట్టుకో” అన్నారు. ఆ భయం ఉత్తదని అనలేను. కానీ బస్సు లేకపోయినా బడులు ఖాళీ అవుతూనే ఉన్నాయి. పొద్దున ఏడున్నరకు మా గేటు ముందుకు ప్రైవేటు బడుల పసుపు బస్సులు, వ్యాన్లు వరసగా వస్తాయి. బస్సు ఇంటి ముందుకొస్తుందన్న ఒక్క కారణంతో ప్రభుత్వ బడి మాన్పించి అప్పుచేసి ఫీజులు కడుతున్నవాళ్లు మా బ్లాకులోనే ముగ్గురున్నారు. టీచర్లు తమ జేబులోంచి తలా కొంత వేసుకుని పిల్లల కోసం ఆటోలు పెట్టిన ఊళ్ల గురించి పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? ఆ టీచర్లకు తెలిసిందే మాకూ తెలిసింది. తెలంగాణ విద్యా కమిషన్ ప్రతిపాదించిన తెలంగాణ పబ్లిక్ స్కూళ్లలో కూడా బస్సు ఒక భాగం.

అలాగని ప్రతి బడికీ సొంత బస్సు కొనమని నేనూ అనను. డ్రైవరు, ఆయా, డీజిలు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, మధ్యలో చెట్టు కింద నిలబడుతుంది. పాడైతే బాగుచేయించడానికి హెచ్ఎం ఎక్కడ బిల్లు పెట్టాలి? చాక్‌పీసుల డబ్బే టైముకు రాని చోట. ఇంకో మాట. మా ఆవిడకు 2014లో మాసాయిపేట దగ్గర రైలు ఢీకొన్న బడి బస్సు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. ఆరోజు టీవీ ముందు కూర్చుని ఏడ్చింది, అప్పటికి చిన్నోడికి మూడేళ్లు. బడి బస్సు అనగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న “డ్రైవరెవరు?” అని. సిటీ బస్సు డ్రైవరంటే ఆమెకు ఆ భయం లేదు. నాకూ అదే నయమనిపించింది. బస్సు ఉన్న దారిలో ఉన్న బస్సునే బడి గంటకు సరిచేయాలి, లేని దారిలో, మా పక్క ఊరి ఐదు కిలోమీటర్ల లాంటి చోట, వ్యాను పెట్టాలి. టీచర్ గారు ఒప్పుకోలేదు. టీ తాగి వెళ్లారు.

తర్వాతి సోమవారం కలెక్టర్ ఆఫీసులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. నా అర్జీలో ‘విషయం:’ దగ్గర ‘విద్యార్థులకు బస్సు సౌకర్యం కల్పించుట గురించి’ అని కొట్టాను. అక్కడే బోల్తా పడ్డాను. విషయంలో మొదటి మాట చూసి కాగితం ఏ టేబుల్‌కు పోవాలో నిర్ణయిస్తారని నా దగ్గరికొచ్చే అందరికీ చెబుతాను. ‘విద్యార్థులకు’ అని ఉంది కాబట్టి అది విద్యాశాఖకు పోయింది. మూడు వారాల తర్వాత, పాఠశాలలకు సొంత బస్సులు లేవు అని జవాబు. నిజమే, లేవు.

రెండోసారి తెలివిగా ‘ఉదయం 6:25 ట్రిప్పును 7:15కు మార్చుట గురించి’ అని రాశాను. ‘విద్యార్థి’ అన్న మాట మూడో పేరాదాకా రానివ్వలేదు. అది డిపోకు పోయింది.

ఈలోగా మా ఆవిడ ఇంకో పని చేసింది. మహిళా సంఘంలో ఆమెతోపాటు ఉండే ఇద్దరిని తీసుకుని ఆదివారం మా నాలుగు బ్లాకులూ తిరిగింది. ఏ ఇంట్లో ఎవరు, ఏ తరగతి, ఏ బడి, ఎలా పోతున్నారు అని నోట్‌బుక్‌లో రాసుకొచ్చింది. ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట వైపు ప్రభుత్వ బడులకు పోయే పిల్లలు 61 మంది తేలారు. మేం ఒక పదిహేను మంది అనుకున్నాం. పొద్దున వేరువేరు బస్సుల్లో, ఆటోల్లో, నాన్నల బండ్ల మీద ముగ్గురేసి చొప్పున పోతుంటే ఎవరికి వాళ్లం మా ఒక్కరి బాధే అనుకున్నాం. నేను ఆ పేర్లన్నీ పట్టికలో కొట్టి, ఎదురుగా సంతకాలు పెట్టించాను. ఒకామె వేలిముద్ర వేస్తూ “దీంతోటి ఏమన్న పింఛను ఆగదు కద?” అని రెండుసార్లు అడిగింది.

డిపో మేనేజరు అరగంట టైమిచ్చారు. గోడ మీద పెద్ద చార్టు, ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరగాలి, ఏ డ్యూటీ ఎప్పుడు దిగాలి అన్నీ గళ్లలో. బస్సులు ఉన్నవే చాలట్లేదు, కొత్తది అడగొద్దు అని ముందే చెప్పారు. అడగట్లేదు సార్, ఉన్నదాన్ని యాభై నిమిషాలు జరపండి అన్నాను. అప్పుడు కాస్త ముందుకు వంగి చూశారు. 6:25 ట్రిప్పుకు ఓఆర్ ఎంతుందో, 7:15కు ఎంత వస్తుందో ఏ లెక్కన చెప్తారు అని అడిగారు. ఓఆర్ అంటే ఉన్న సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క. నా దగ్గర 61 పేర్లున్నాయి. పేర్లు కాదు, ఎక్కినట్టు రుజువు కావాలన్నారు.

రుజువు మా అమ్మాయి జామెట్రీ బాక్సులో ఉంది. జూన్ నుంచీ ఆమెకిచ్చిన జీరో టికెట్లు ఒక్కటీ పారేయలేదు. వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి లెక్కల ఫార్ములాలు రాసుకుంటుంది. అడిగితే వెంటనే ఇవ్వలేదు, వాటి మీద త్రికోణమితి అంతా ఉందని. ఫొటోకాపీ తీసి అసలువి తిరిగిచ్చాను. ఒక్కో టికెట్ మీద తేదీ, టైము, ఎక్కిన చోటు, దిగే చోటు. పక్కింటి ఇద్దరమ్మాయిల దగ్గరా కొన్ని దొరికాయి. ఏ-4 కాగితాల మీద వరసగా పేర్చి జిరాక్స్ తీస్తే పదకొండు పేజీలొచ్చాయి. ముందు పక్క 6:31, 6:33, 6:30. కొన్నింటి మీద వెనక రాత పలచగా కనబడుతోంది, సైన్ తీటా, కాస్ తీటా. మేనేజరు గారు ఒక పేజీ ఎత్తి వెలుగులో పట్టుకుని చూశారు. “ఈ అమ్మాయి పదో తరగతా?” అన్నారు. అవునన్నాను. ఇంకేం మాట్లాడలేదు, ఒక క్లర్కును పిలిచి ఆ డ్యూటీ చార్టు తెమ్మన్నారు.

దసరా సెలవులయ్యాక ట్రిప్పు 7:10కి మారింది. ఐదు నిమిషాలు తేడా, మాకది లెక్కే కాదు. మొదటి రోజు బస్సు కాలనీలోనే సగం నిండింది. పొద్దున్నే ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు కొందరు మా మీద కోప్పడ్డారు, వాళ్లకు 6:25 కావాలి. వాళ్లను మేం లెక్కలోకే తీసుకోలేదు. మా పట్టికలో పిల్లల పేర్లే ఉన్నాయి. వాళ్లలో ఒకావిడ తర్వాత రెండు నెలలు మా ఆవిడతో మాట్లాడలేదు. ట్రిప్పు మారాక ఆమె ముందు గేటు దాకా నడిచిపోయి ఆటో ఎక్కేది, నెలకు ఏడొందలు. ఈ సంగతి ఎవరికి చెప్పినా “అందరికీ అన్నీ కుదరవు కదా” అంటారు. కుదరకపోవడం ఏమిటి, ఒక్క ట్రిప్పు ఎక్కువుంటే కుదిరేది.

సాయంత్రం సంగతి తేలనే లేదు. అమ్మాయికి స్పెషల్ క్లాసులు మొదలయ్యాక చీకటిపడి వచ్చేది, నేను షాపు మధ్యలో వదిలి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా పోయి ఎక్కించేవాణ్ణి. పరీక్షలు బాగా రాసింది. చిన్నోడు రెండో పీరియడ్‌లో నిద్రపోవడం మానేశాడని లెక్కల సార్ చెప్పారు, ఇప్పుడు కబుర్లు చెబుతున్నాడట.

వేసవి సెలవుల్లో పిల్లలు లేరని 7:10 ట్రిప్పు తీసేశారు. 2025 జూన్‌లో బడులు తెరిచినా అది తిరిగి రాలేదు. మళ్లీ అడగాలి, కొత్త లెక్క ఇవ్వాలి అన్నారు. సరే, షాపులో పాత ఫైలు తెరిచాను. అర్జీలో తేదీ మార్చాను, మేనేజరు మారారు కాబట్టి ‘మునుపటి ఉత్తర్వు ప్రకారం’ అని ఒక లైను కలిపాను. పట్టిక దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. మా ఆవిడ మళ్లీ నాలుగు బ్లాకులూ తిరిగి తెచ్చిన నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, లేనివాళ్ల పేర్లు కొట్టేస్తూ వచ్చాను. పది పాసై కాలేజీకి పోయినవాళ్లు ఏడుగురు, మా అమ్మాయితో కలిపి. గురుకులంలో సీటొచ్చి హాస్టలుకు పోయినవాళ్లు ముగ్గురు. పసుపు వ్యాను ఎక్కినవాళ్లు నలుగురు. ఇల్లు తాళం వేసి తిరిగి అద్దె గదికి పోయిన కుటుంబం ఒకటి, ఇద్దరు పిల్లలు. 38వ నంబరు అమ్మాయి, తొమ్మిదో తరగతి, ఎదురుగా మా ఆవిడ ‘ఇంట్లనే ఉంటుంది’ అని రాసింది.

ఆ వరస కొట్టేయలేదు. 38 అలాగే ఉంచి, ప్రింటు తీశాను.